పాలితుల సమ్మతి: ఎప్పుడు అడిగారు, ఎప్పుడు ఇచ్చాం?

చదువరి

మిత్రులకు నమస్కారం. ప్రభుత్వాలకు న్యాయమైన అధికారాలు పాలితుల సమ్మతి వల్లనే సంక్రమిస్తాయని 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన చెప్పింది. ప్రజల అభీష్టమే ప్రభుత్వ అధికారానికి ప్రాతిపదిక కావాలని 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 21వ అధికరణంలో ఉంది. బడిలో చదువుకున్ననాటి నుంచి ఈ మాటను మారు ఆలోచన లేకుండా నమ్ముతూ వచ్చాను. ఈ మధ్య జరిగిన ఒక సంఘటన వల్ల ఆ నమ్మకం కొంచెం కదిలింది.

మా నాన్నగారికి అర్ధరాత్రి వేళ అత్యవసరంగా ఆపరేషన్ చేయవలసి వచ్చింది. నర్సు నాలుగు పేజీల సమ్మతి పత్రం తెచ్చి, పెన్ను మూత తీసి నా చేతికిచ్చి, ఎక్కడెక్కడ సంతకం చేయాలో పెన్సిలు గుర్తులు చూపించింది. నేను ఒక్క వాక్యం కూడా చదవకుండా నాలుగు చోట్ల సంతకం చేశాను. మూడు రోజుల తర్వాత వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఆ కాగితం నకలు చదివాను. అందులో ఆపరేషన్ పేరు, డాక్టరు పేరు, రాగల ప్రమాదాలు, తేదీ, గంట, నిమిషాలతో సహా ఉన్నాయి. వద్దనే హక్కు నాకు ఉందన్న వాక్యం కూడా ఉంది. రెండు గంటల పాటు ఒక మనిషి ఒంటి మీద కత్తి పెట్టడానికే ఇంత రాతకోతలు అవసరమైతే, పుట్టిన క్షణం నుంచి పోయే క్షణం వరకు నా మీద పన్ను వేయగలిగిన, నన్ను జైల్లో పెట్టగలిగిన, అవసరమనుకుంటే యుద్ధానికి పంపగలిగిన వ్యవస్థకు నేను సంతకం చేసి ఇచ్చిన కాగితం ఎక్కడుంది? ఇది ఆవేశంతో అడుగుతున్న ప్రశ్న కాదు. నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

పాతపుస్తకం

నాన్నగారు కోలుకుంటున్నారని ఆశిస్తాను, చదువరి గారూ. మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పబూనినవారిలో ముఖ్యుడు ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్. 1689లో వెలువడిన ప్రభుత్వ సిద్ధాంత గ్రంథంలో ఆయన సమ్మతిని రెండుగా విడదీశాడు. మాటతో స్పష్టంగా తెలిపేది ఒకటి, నడవడిక ద్వారా మౌనంగా తెలిపేది మరొకటి. ఒక రాజ్యంలో భూమి అనుభవిస్తున్నవాడు, వారం రోజులు బస చేసినవాడు, చివరికి అక్కడి రహదారి మీద స్వేచ్ఛగా నడిచి వెళ్తున్నవాడు సైతం ఆ మేరకు అక్కడి చట్టాలకు ఒప్పుకున్నట్టేనన్నది ఆయన వాదన. మౌనం అర్ధాంగీకారమని మనం అనుకునే మాట కూడా దీనికి దగ్గరలోనే ఉంది.

లాక్‌ను చదివేటప్పుడు ఆయన ఎవరికి జవాబు చెబుతున్నాడో మరిచిపోకూడదు. దేవుడు ఆదాముకు ఇచ్చిన అధికారమే వారసత్వంగా రాజులకు వచ్చిందని వాదించిన రాబర్ట్ ఫిల్మర్‌ను ఆయన ఎదుర్కొంటున్నాడు. మనుషులు స్వభావరీత్యా స్వతంత్రులు, సమానులు అని, తాము ఒప్పుకుంటే తప్ప ఎవరూ మరొకరి అధికారానికి లోబడనక్కరలేదని అలాంటి కాలంలో అచ్చులో పెట్టడం చిన్న విషయం కాదు.

ఎదురీత

మౌనం అర్ధాంగీకారమైతే మిగతా సగం ఏమైనట్టు? కాదంటే కీడు జరగదన్న భరోసా ఉన్నచోట మౌనానికి ఉండే అర్థం, నోరు విప్పితే ప్రమాదమున్న చోట ఉండదు. రెండింటినీ ఒకే లెక్కలో వేయడమే ఈ వాదంలోని మొదటి పొరపాటు.

దీనిని స్కాట్లాండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1748లోనే ఎత్తిచూపాడు. పరభాష రాని, పరాయి దేశపు రీతులు తెలియని, రోజు కూలితో బతికే ఒక పేదవాడు దేశం విడిచి వెళ్లలేదు కాబట్టి స్వేచ్ఛగా ఉండిపోయాడని అనగలమా అని ఆయన అడిగాడు. నిద్రలో ఉండగా మోసుకొచ్చి ఓడ ఎక్కించిన మనిషి, దిగిపోవాలంటే సముద్రంలో దూకి చావడం తప్ప దారి లేనప్పుడు, ఓడలోనే ఉన్నాడు కాబట్టి కెప్టెన్ అధికారానికి సమ్మతించాడని చెప్పినట్టు ఉంటుంది ఈ వాదం అన్నాడు. మనలో ప్రతి ఒక్కరమూ నిద్రలోనే ఓడ ఎక్కినవాళ్లం.

ఓటు సంగతి కూడా చూడండి. గెలిచినవారికి ఓటు వేస్తే సమ్మతించినట్టు, ఓడినవారికి వేస్తే ఆటలో పాల్గొన్నారు కాబట్టి సమ్మతించినట్టు, అసలు వేయకపోతే అభ్యంతరం లేదు కాబట్టి సమ్మతించినట్టు. ఏం చేసినా సమ్మతి కిందికే వస్తే నిరాకరణ అనేదానికి చోటెక్కడ? కాదనడానికి వీలు లేని చోట అవునన్న మాటకు విలువ ఉంటుందని నేను అనుకోను. ఆస్ట్రేలియాలో 1924 నుంచి జాతీయ ఎన్నికల్లో ఓటు వేయడం చట్టరీత్యా తప్పనిసరి. అది మంచి చట్టమో కాదో వేరే చర్చ. జరిమానా భయంతో వేసిన ఓటును మాత్రం సమ్మతికి సాక్ష్యంగా చూపలేం.

వలసపక్షి

ఈ విషయంలో నాకు సొంత అనుభవం ఉంది కాబట్టి రాస్తున్నాను. పుట్టిన దేశం కాని మరో దేశపు పౌరసత్వం తీసుకున్నవాణ్ణి నేను. ఒక హాలులో సుమారు నలభై మందిమి వరుసగా నిలబడి, కుడిచేయి పైకెత్తి, చేతిలోని అట్టముక్క మీద అచ్చువేసిన ప్రమాణ వాక్యాలను అధికారి వెంట ఒక్కొక్కటిగా పలికాం. నా పక్కన నిలబడిన పెద్దావిడకు ఆ భాష సరిగా రాదు. పెదవులు కదుపుతూ, నా ముఖం చూస్తూ, ఒక మాట వెనక పలికింది. తర్వాత నా పాత పాస్‌పోర్టు అప్పగించాను. మూల కత్తిరించి వెనక్కి ఇచ్చారు. దాన్ని ఇప్పటికీ బీరువాలో దాచుకున్నాను.

లాక్ చెప్పిన స్పష్టమైన సమ్మతి అంటే అదే. ఆ దేశంలోనే పుట్టిన నా పిల్లలను అలాంటి ప్రమాణం ఎవరూ అడగలేదు, అడగరు కూడా. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మౌనంగా సమ్మతించినవాడు తన ఆస్తి వదులుకుని మరోచోటికి వెళ్లిపోవచ్చని, స్పష్టంగా మాట ఇచ్చినవాడు మాత్రం శాశ్వతంగా కట్టుబడి ఉండాలని లాక్ రాశాడు. ఆ లెక్కన కోరి వచ్చి చేరిన నాకు పడిన ముడి, అక్కడే పుట్టిన నా పిల్లలకున్న ముడి కంటే గట్టిది. సమ్మతే అధికారానికి మూలమైతే నా వంటి వలసదారుల మీద తప్ప మరెవరి మీదా ప్రభుత్వానికి పూర్తి అధికారం లేదని తేలుతుంది. ఇది ఎవరికైనా వింతగానే తోస్తుంది.

పాతపుస్తకం

ఎదురీత గారి ఓడ ఉపమానానికి ఒక పాత జవాబు ఉంది. క్రీ.పూ. 399లో మరణశిక్ష పడిన సోక్రటీసును జైలు నుంచి తప్పిస్తానని మిత్రుడు క్రీటో వచ్చినప్పుడు, ఏథెన్స్ చట్టాలే మనిషి రూపంలో వచ్చి తనతో వాదిస్తున్నట్టుగా సోక్రటీసు ఊహించి చెబుతాడు. డెబ్బై ఏళ్లు ఇక్కడే ఉన్నావు, నచ్చకపోతే సర్వస్వం తీసుకుని వెళ్లడానికి ఏ చట్టమూ అడ్డు రాలేదు, పిల్లలను కూడా ఇక్కడే కన్నావు, ఇప్పుడు మాట తప్పుతావా అని ఆ చట్టాలు అడుగుతాయి. వెళ్లగలిగీ ఉండిపోయినవాడి విషయంలో ఈ ప్రశ్నకు బలం ఉందనే నా అభిప్రాయం.

ఎదురీత

వెళ్లగలగడమనే ఆ మాట దగ్గరే ఆగుదాం. ఎవరైనా ఏ దేశాన్నైనా, తన దేశాన్నైనా విడిచి వెళ్లే హక్కు కలిగి ఉంటారని మానవ హక్కుల ప్రకటన 13వ అధికరణం చెబుతుంది. అయితే మరో దేశంలోకి అడుగుపెట్టే హక్కు ఎవరికీ ఇవ్వలేదు. గుమ్మం దాటవచ్చు గాని అవతల కాలు పెట్టడానికి చోటు లేదు. ఇష్టం లేనివాడు ఎవరి ఏలుబడిలోనూ లేని ఖాళీ ప్రదేశానికి వెళ్లి కొత్త సమాజాన్ని కట్టుకోవచ్చని లాక్ రాశాడు. ఈనాడు అంటార్కిటికా లాంటి ఒకటి రెండు చోట్లను మినహాయిస్తే అటువంటి నేల లేదు. అక్కడ కూడా 1959 ఒప్పందం ప్రకారం ఆయా దేశాల వ్యవహారమే నడుస్తుంది. ఇక 1961 నుంచి 1989 వరకు బెర్లిన్ గోడ వెనక బతికిన వాళ్ల సంగతి చెప్పనే అక్కరలేదు. వాళ్లు అక్కడ ఉండిపోవడం సమ్మతి అని ఎవరైనా అనగలరా?

తూనికరాయి

అందరూ సమ్మతి ఉందా లేదా అని వెతుకుతున్నారు. అసలు అది అవసరమా అన్నది నా సందేహం. తల్లిదండ్రుల పట్ల మనకున్న బాధ్యతకు ఏ ఒప్పందమూ ఆధారం కాదు. నీటిలో మునుగుతున్న పిల్లవాణ్ణి ఒడ్డుకు లాగడానికి ముందుగా ఎవరికో మాట ఇచ్చి ఉండనక్కరలేదు. న్యాయమైన సంస్థలు మన మధ్య పనిచేస్తున్నప్పుడు వాటికి సహకరించడం మనిషి సహజ ధర్మమని అమెరికన్ తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో వాదించాడు. అంతకుముందు 1955లో హెచ్.ఎల్.ఎ. హార్ట్ మరో దారి చూపాడు. పదిమంది తమ స్వేచ్ఛను కొంత తగ్గించుకుని నడుపుతున్న ఏర్పాటు వల్ల లాభం పొందినవాడు, తన వంతు వచ్చినప్పుడు తానూ తగ్గడం న్యాయమని.

హార్ట్ వాదానికి రాబర్ట్ నోజిక్ 1974లో ఇచ్చిన జవాబు మాత్రం నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది. ఇరుగుపొరుగులోని 364 మంది కలిసి ఒక లౌడ్‌స్పీకరు పెట్టి, రోజుకొకరు చొప్పున పాటలు, కబుర్లు వినిపిస్తున్నారు. మీరు కిటికీ దగ్గర నిలబడి కొన్నిసార్లు విని ఆనందించారు కూడా. మీ వంతు వచ్చిన రోజున పనులన్నీ మానుకుని వెళ్లి కూర్చోవలసిన బాధ్యత మీకు ఉందా? నోజిక్ లేదంటాడు. అడగకుండా ఇచ్చిన మేలు అప్పు కాదన్నమాట. అందుకే నేను రాల్స్ వైపు మొగ్గుతాను. నేను ఒప్పుకున్నానా అన్నది కాదు, ఈ ప్రభుత్వం న్యాయంగా నడుస్తున్నదా అన్నదే అడగవలసిన ప్రశ్న.

కొండగుర్తు

సమ్మతి కథ పాశ్చాత్యుల సొత్తు కాదని గుర్తు చేయాలని ఉంది. పాలీ బౌద్ధ గ్రంథమైన దీఘనికాయంలోని అగ్గఞ్ఞ సుత్తంలో, దొంగతనం, అబద్ధం, దెబ్బలాట పెరిగిపోయినప్పుడు జనం ఒకచోట చేరి తమలో ఒకరిని ఎన్నుకుని, దండించవలసినవాళ్లను దండించినందుకు ధాన్యంలో వాటా ఇస్తామని ఒప్పుకుంటారు. మహాజనులు సమ్మతించినవాడు కాబట్టి ఆయన పేరు మహాసమ్మతుడు. పేరులోనే సమ్మతి ఉంది.

అర్థశాస్త్రం మొదటి అధికరణంలోనూ ఇటువంటి కథే వస్తుంది. పెద్ద చేప చిన్న చేపను మింగే మాత్స్యన్యాయానికి తాళలేక ప్రజలు మనువును రాజును చేసుకుని, ధాన్యంలో ఆరోవంతు, సరుకుల్లో పదోవంతు ఇచ్చారని. అయితే ఆ కథ ఎవరి నోట వస్తుందో గమనించండి. తీర్థాల్లో, సభల్లో, జనం గుమిగూడే చోట్ల ఇద్దరు గూఢచారులు వాదులాడుకుంటున్నట్టు నటించాలి. ఒకడు రాజు పన్నులతో పీడిస్తున్నాడని నిందించాలి, రెండోవాడు ఈ కథ చెప్పి అతని నోరు మూయించాలి. కౌటిల్యుడు ఈ కథను నమ్మాడో లేదో గాని, జనాన్ని ఒప్పించడానికి ఇది పనికివస్తుందని మాత్రం బాగా గ్రహించాడు. ప్రభుత్వమే మన సమ్మతి గురించి మనకు చెబుతున్నప్పుడు నాకు ఆ ఇద్దరు గూఢచారులు గుర్తుకొస్తారు.

మునిమాపు

కొండగుర్తు గారు చెప్పిన దానిలో నిజం ఉంది. కానీ అదే కథ పాలితుల చేతికి చిక్కినప్పుడు ఏమైందో కూడా చెప్పాలి. 1776లో పాలితుల సమ్మతి అని రాసినవారి లెక్కలో బానిసలు లేరు, స్త్రీలు లేరు. అయినా 1848లో అమెరికాలోని సెనెకా ఫాల్స్‌లో సమావేశమైన స్త్రీలు తమ ప్రకటనను ఆ పాత ప్రకటన వాక్యాలతోనే రాసుకున్నారు. స్త్రీపురుషులందరూ సమానులుగా సృష్టించబడ్డారని ఒక్క మాట చేర్చి, పాలితుల సమ్మతి అన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఉంచారు.

1872లో, స్త్రీలకు ఓటు హక్కు లేని రోజుల్లో, ఓటు వేసినందుకు ఆ హక్కు కోసం పోరాడుతున్న సూసన్ బి. ఆంథొనీని అరెస్టు చేశారు. 1873లో విచారణ జరిగినప్పుడు జడ్జి వార్డ్ హంట్, జ్యూరీని చర్చించుకోనివ్వకుండా, దోషి అని తేల్చమని తానే ఆదేశించాడు. శిక్ష ఎందుకు వేయకూడదో చెప్పడానికి ఏమైనా ఉందా అని ఆనవాయితీగా అడిగాడు. ఆమెకు చెప్పడానికి చాలా ఉంది. జడ్జి కూర్చోమన్నాడు, మళ్లీ మళ్లీ అన్నాడు, ఆమె మాట్లాడుతూనే ఉంది. ఓటు హక్కును నిరాకరించడమంటే పాలితులలో ఒకరిగా సమ్మతి తెలిపే నా హక్కును నిరాకరించడమేనని కోర్టులో నిలబడి చెప్పింది. వంద డాలర్ల జరిమానా విధిస్తే ఒక్క డాలరు కూడా చెల్లించనని చెప్పి, చెల్లించకుండానే చనిపోయింది.

న్యూజిలాండ్ స్త్రీలకు 1893లో ఓటు వచ్చింది, స్విట్జర్లాండ్ స్త్రీలకు జాతీయ స్థాయిలో 1971 దాకా రాలేదు. సమ్మతి అన్నది చరిత్రలో జరిగిన సంఘటన కాదని నేను ఒప్పుకుంటాను. కానీ పాలకులు తమ నోటితో ఒప్పుకున్న మాటను పట్టుకుని నిలదీయడానికి అది ఉపయోగపడింది. తూనికరాయి గారూ, ప్రభుత్వం న్యాయంగా ఉంటే చాలన్నారు. స్త్రీలకు ఓటు లేకపోవడమే న్యాయమని ఆనాటి న్యాయమూర్తులు నమ్మారు. ఏది న్యాయమో తేల్చే చోట మనకు మాట లేకపోతే ఆ న్యాయం ఎవరి న్యాయం?

పాతపుస్తకం

మునిమాపు గారి మాటతో నా అభిప్రాయం కొంత మారింది. అమెరికా రాజ్యాంగం సంగతే తీసుకుంటే, రోడ్ ఐలాండ్‌లో 1788 మార్చిలో ఓటర్లనే నేరుగా అడిగినప్పుడు భారీ తేడాతో తిరస్కరించారు. 1790 మే నెలలో, వ్యాపారం తెంచేస్తామని మిగతా రాష్ట్రాల నుంచి ఒత్తిడి వచ్చిన తర్వాత, ప్రత్యేక సభలో అనుకూలంగా 34, వ్యతిరేకంగా 32 ఓట్లతో ఒప్పుకున్నారు. సమ్మతి అంటే ఇదేనా అని ఎవరైనా అడిగితే నా దగ్గర సరైన జవాబు లేదు.

ఒక తరం ఇచ్చిన సమ్మతి తర్వాతి తరాన్ని ఎలా కట్టిపడేస్తుందన్న ప్రశ్న 1776 ప్రకటనను రాసిన జెఫర్సన్‌ను కూడా వేధించింది. భూమి బతికున్నవాళ్లది అంటూ 1789 సెప్టెంబరులో, రాజ్యాంగ రచనలో ముఖ్యుడైన మాడిసన్‌కు రాసిన లేఖలో, మరణాల పట్టికల నుంచి లెక్కకట్టి, ఏ రాజ్యాంగమైనా, చట్టమైనా 19 ఏళ్లకు దానంతటదే ముగిసిపోవాలన్నాడు. మాడిసన్ మరుసటి ఫిబ్రవరిలో మర్యాదగా కాదన్నాడు. గడువు దగ్గరపడిన ప్రతిసారీ ఆస్తులకు, ఒప్పందాలకు స్థిరత్వం పోతుందని, పూర్వులు చేసిన మంచి పనులు బతికున్నవాళ్ల మీద అప్పుగా ఉంటాయని, చివరికి మౌన సమ్మతిని ఒప్పుకోక తప్పదని ఆయన వాదన. జెఫర్సన్ హృదయం నాకు నచ్చుతుంది. ఇల్లు కట్టేటప్పుడు మాత్రం మాడిసన్ మాటే వింటాను.

ఎదురీత

ఇంతసేపూ రెండు వేర్వేరు సంగతులను కలిపి మాట్లాడుతున్నామని ఇప్పుడు తోస్తున్నది. ప్రభుత్వానికి ఆజ్ఞాపించే హక్కు ఎక్కడిది అన్నది ఒకటి, ఆజ్ఞ చెల్లే శక్తి ఎక్కడిది అన్నది మరొకటి. మొదటిది సమ్మతి నుంచి రాలేదని నేను మొదటి నుంచీ అంటున్నాను. రెండోది మాత్రం జనం అభిప్రాయం మీదే నిలబడుతుందని హ్యూమ్ కూడా 1741లో రాశాడు. ఈజిప్టు సుల్తాను, రోము చక్రవర్తి తమ ప్రజలను పశువుల్లా తోలగలరేమో గాని, తమ మామ్లూకులను (బానిస సైనికులను), అంగరక్షక దళాలను మాత్రం మనుషుల్లాగా, వాళ్ల అభిప్రాయాన్ని బట్టే నడిపించక తప్పదన్నాడు. 1989 అక్టోబరు 9 రాత్రి తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్ వీధుల్లోకి సుమారు 70,000 మంది వచ్చినప్పుడు సాయుధ బలగాలు కాల్పులు జరపలేదు. సరిగ్గా నెల తిరిగేసరికి బెర్లిన్ గోడ తెరుచుకుంది. అంతకుముందు రోజు వరకు ఉన్నది సమ్మతి కాదు, ఎవరికి వారు ఒంటరిగా మోసిన భయం.

చదువరి

అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారు ఇంటికి వచ్చారు. మొదటి ఉత్తరంలో నేను రాయని సంగతి ఒకటి ఉంది. నాలుగో రోజు మరో పరీక్ష చేయాలని ఇంకో సమ్మతి పత్రం తెచ్చారు. ఈసారి నాన్నగారే కళ్లజోడు తెప్పించుకుని మొదటి నుంచి చివరిదాకా చదివి, రెండు సందేహాలు అడిగి, వద్దన్నారు. డాక్టరు ముఖంలో ఏ మార్పూ లేదు. నిరాకరించారని ఆ పత్రం మీదే రాసి, కింద నాన్నగారి సంతకం తీసుకున్నారు. వైద్యం ఆపలేదు, మంచం ఖాళీ చేయమనలేదు, సాయంత్రం మాత్రలు వేళకే వచ్చాయి.

నేను అర్ధరాత్రి చేసిన నాలుగు సంతకాల కంటే నాన్నగారి నిరాకరణలోనే ఆ పత్రానికి అర్థం ఉందని నాకు అనిపించింది. ఇన్నాళ్లూ ప్రభుత్వానికి అవునని ఎప్పుడన్నానో వెతుకుతున్నాను. వెతకవలసింది కాదనడానికి నేను చెల్లించవలసిన ధర ఎంత అన్నది. విమర్శిస్తే ఉద్యోగం పోతుందా, ఊరేగింపులో నడిస్తే జైలా, ఎన్నికల్లో పాలకులను దించితే వాళ్లు దిగుతారా, ఒక ప్రాంతం వాళ్లు విడిపోతామంటే వినేవారున్నారా అన్నవాటిని బట్టి ఆ ధరను తూచవచ్చు. స్కాట్లాండ్‌లో 2014లో ఆ ప్రశ్న అడిగారు, సుమారు 55 శాతం మంది కలిసే ఉంటామన్నారు. వెళ్లిపోయే దారి తెరిచి ఉండగా అన్నారు కాబట్టే ఆ మాటను నేను సమ్మతిగా లెక్కవేస్తాను. అధికారాన్ని సమ్మతి పుట్టించలేదన్న ఎదురీత గారి మాటతో ఏకీభవిస్తాను. నిరాకరణకు చోటు వదిలిన మేరకే అది నా మీద న్యాయంగా చెల్లుతుందన్నది నా మాట.

తూనికరాయి

ఆ కొలతతో ఒక ఇబ్బంది ఉంది, చదువరి గారూ. మీరు చెప్పిన నిరాకరణలు దాదాపు అన్నీ పదిమంది కలిసి చేసేవే. పరీక్ష వద్దంటే మీ నాన్నగారు ఒక్కరే దాని ఫలితం అనుభవిస్తారు. ఒక్కడు పన్ను కట్టనంటే ఆ భారం పొరుగువాడి మీద పడుతుంది, హంతకుడు శిక్షకు సమ్మతించనంటే ఎవరూ వినరు, వినకూడదు కూడా. ఒంటరి మనిషి కాదంటే ఏ ప్రభుత్వమైనా ఎక్కడైనా విన్నదా?

మునిమాపు

ఒకచోట విన్నది. 1916లో బ్రిటన్ నిర్బంధ సైనిక సేవను ప్రవేశపెట్టినప్పుడు, అంతరాత్మ ఒప్పుకోనివారికి మినహాయింపు ఇచ్చే నిబంధనను ఆ చట్టంలోనే చేర్చింది. మినహాయింపు కోరినవాడు ట్రిబ్యునల్ ముందు నిలబడి తన అంతరాత్మను రుజువు చేసుకోవలసి వచ్చేది. చాలామందిని నమ్మలేదు, జైళ్లకు పంపారు. యుద్ధం మధ్యలో ఉన్న ప్రభుత్వం, నీ ప్రాణం అడిగే ముందు నీ ఒక్కడి మాట వినాలని చట్టంలో రాసుకోవడం మాత్రం చిన్న సంగతి కాదు. 1949 నాటి జర్మనీ మౌలిక చట్టం ఇంకా ముందుకు వెళ్లి, అంతరాత్మకు విరుద్ధంగా ఎవరినీ ఆయుధం పట్టించరాదని 4వ అధికరణంలో మౌలిక హక్కుగానే చేర్చింది. పన్ను విషయంలో మీ అభ్యంతరం నిలుస్తుందనే అనుకుంటాను. తుపాకీ పట్టుకోమన్నప్పుడు మాత్రం నిలవదు. చదువరి గారు తమ మొదటి ప్రశ్నలో యుద్ధానికి పంపగలిగిన వ్యవస్థ అన్నారు. కనీసం ఆ ఒక్కదానికి సంబంధించి, కొన్ని దేశాల్లో నిరాకరించారని రాసి సంతకం చేయగల కాగితం ఉంది.